ఒక వేలు తక్కువ

తను రాసిన పుస్తకమే పాఠ్యగ్రంథంగా ఉన్న పరీక్షలో తప్పిన ఒకాయన ఆ తర్వాత ప్రొద్దుటూరులో తెలుగు పాఠాలు చెప్పారు. ఆయన పుట్టపర్తి నారాయణాచార్యులు. ‘పెనుగొండ లక్ష్మి’ కావ్యం రాసేనాటికి ఆయనకింకా మీసాలు కూడా రాలేదు. కొన్నేళ్లకు విద్వాన్ పరీక్షకు కూర్చుంటే ఆ కావ్యమే పాఠ్యగ్రంథమై ఎదురొచ్చింది. అందులోంచి అడిగిన ఒక చిన్న ప్రశ్నకు పేజీల మీద పేజీలు రాసుకుంటూ పోయారని, తక్కిన ప్రశ్నలకు వేళ మిగల్లేదని సాహిత్యాభిమానులు ఈనాటికీ ముచ్చటగా చెప్పుకుంటారు.

నవ్వుకోవడానికి చెప్పే కథే ఇది. కానీ ఆయన రాయలేక తప్పలేదు, ఆపలేక తప్పారు. ఏఐతో బొమ్మలు చేసేవాళ్ల ఇప్పటి అవస్థకు ఇంతకన్నా దగ్గరి కథ దొరకదు. కాకపోతే వాళ్ల తరఫున పేజీలు నింపేది యంత్రం. దానికి చెయ్యి నొప్పెట్టదు, గంట కొట్టినా వినపడదు.

2022 జులైలో మిడ్‌జర్నీ అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ వచ్చింది. ఒక వాక్యం రాస్తే నాలుగు బొమ్మలు. నచ్చకపోతే ఇంకో నాలుగు. ఆ ఏడాదే అమెరికాలోని కొలరాడో రాష్ట్ర ఉత్సవంలో జేసన్ అలెన్ అనే ఆయన మిడ్‌జర్నీతో చేసిన బొమ్మకు డిజిటల్ కళల విభాగంలో మొదటి బహుమతి వచ్చి పెద్ద రచ్చయింది. ఆ బొమ్మ కోసం కనీసం 624 సార్లు ప్రాంప్టులు మార్చి మార్చి రాశానని ఆయన అక్కడి కాపీరైట్ కార్యాలయానికి చెప్పుకున్నాడు. అది చాలదు పొమ్మని 2023లో వాళ్లు తేల్చేశారు. ఆ 624ను చాలామంది శ్రమకు రుజువుగా చదివారు. అలసటకు రుజువుగా చదివినవాళ్లు తక్కువ. 623వ సారి తెర ముందు కూర్చున్న మనిషి కళ్లు ఎలా ఉండి ఉంటాయో ఎవరూ అడగలేదు.

పనిలో మనిషి కాలిపోవడాన్ని (బర్నౌట్) గురించి 1974లో న్యూయార్క్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ మొదట రాశాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి మూడు లక్షణాలు చెప్పింది. సత్తువ ఉడిగిపోవడం ఒకటి, చేసే పని మీద విరక్తి రెండోది, చేతనైనది ఏమీ చేయడం లేదన్న భావం మూడోది. ఏఐ కళాకారుల విషయంలో ఈ మూడోది విచిత్రంగా తిరగబడుతుంది. వెనకటి చిత్రకారుడికి పని నిలిచిపోయిందంటే కాన్వాసు ఖాళీగా ఉండేది. ఇప్పుడు పని నిలిచిపోయినవాళ్ల హార్డ్‌డిస్కు పొంగిపొర్లుతూ ఉంటుంది.

ఇలాంటి ఒకామెను ఊహించుకుందాం. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటూ పాటల వీడియోలకు, పుస్తకాల అట్టలకు, పెళ్లి కార్డులకు ఏఐతో బొమ్మలు చేసే మనిషి. కొన్నాళ్లు ఊపిరి పీల్చుకుందామని కడప జిల్లాకు బయల్దేరింది. సంచిలో ల్యాప్‌టాప్ కూడా పెట్టుకుంది. పెట్టుకోకుండా ఎలా ఉంటుంది, బస్సు దిగేలోపు ‘ఇంకో నాలుగు ఆప్షన్లు పంపండి’ అని క్లయింటు నుంచి మెసేజ్ రాదూ?

ఊరు మారితే మనసు తేటపడుతుందని అందరూ అంటారు. అందులో నిజం సగమే. చేతిలో ఫోన్ ఉన్నంతసేపూ ఏఐ కళాకారిణికి ప్రతి ఊరూ ముడిసరుకే. వేపచెట్టు కింద పడుకున్న ముసలాయన కనిపించగానే ‘మధ్యాహ్నపు ఎండ, ముడతల ముఖం, ఫిల్మ్ గ్రెయిన్’ అని మాటలు వరసకట్టేస్తాయి. ఆయన్ని ఆమె చూడనే లేదు, ప్రాంప్టుగా మార్చేసింది. విశ్రాంతి కోసం వచ్చిన మనిషి పనిని రెండింతలు చేసుకోవడం ఇలాగే మొదలవుతుంది. అందుకే ఈ దారిలో ఆమెకు ఏం దొరుకుతుందన్నది పెద్ద ప్రశ్న కాదు. ఆమె చేతికి లొంగనివి ఏమున్నాయన్నదే ప్రశ్న. ఆ లెక్కన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల చాలానే ఉన్నాయి.

ప్రొద్దుటూరును పత్రికలు పసిడిపురి అంటాయి. బంగారు అంగళ్ల వీధుల్లో నడుస్తుంటే ఆ పేరు అతిశయోక్తి అనిపించదు. బంగారం పని జరిగే ఊళ్లలో కంసాలి అంగడి ఊడ్చిన దుమ్మును పారబోయరు. ఆకురాయి రాపిడికి రాలిన రజను అందులో ఉంటుంది. ఆ దుమ్మును కొనుక్కుని, నీళ్లలో కడిగి, కరిగించి, గోరంత పసిడి తీసేవాళ్లు ఉంటారు. వందల బొమ్మల్లోంచి ఒకదాన్ని ఏరుకునే ఏఐ కళాకారిణి పని పైకి అచ్చం ఇలాగే కనిపిస్తుంది. కానీ దుమ్ము కడిగేవాడికి బంగారం బరువు సాయం చేస్తుంది. తేలికైనదంతా నీళ్లతో పోతుంది, బరువైనది అడుగున నిలుస్తుంది. తెర మీది బొమ్మల్లో దేనికీ బరువు లేదు. అన్నీ అవే కొన్ని సెకన్లలో, అదే ఖర్చుతో పుట్టాయి. ఏది నిలవాలో నీళ్లు చెప్పవు, కళ్లు చెప్పాలి. ముందు అలిసేవి ఆ కళ్లే.

అదే ఊళ్లో అగస్త్యేశ్వరాలయం ఉంది. ఆ గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ పుట్టపర్తివారు ‘శివతాండవం’ కట్టారని ప్రొద్దుటూరు వాళ్లు గర్వంగా చెబుతారు. ఆయన చిన్నప్పుడు పెనుగొండలో నాట్యం నేర్చుకున్నారు. సంగీతం తెలుసు. పద్నాలుగు భాషల పండితుడని పేరు. అంత సరంజామా ఉన్న మనిషి ఆ కావ్యం కోసం దేశాలు పట్టిపోలేదు, ఒక్క గుడి చుట్టూ తిరిగారు. అలాగని ఆయన దేశం చూడని మనిషేం కాదు. ఢిల్లీలో, తిరువనంతపురంలో ఉద్యోగాలు చేశారు. మనసు విరిగి హిమాలయాలకు వెళ్లిపోయారు. రిషీకేశ్‌లో స్వామి శివానంద ఆయన్ని ‘సరస్వతీపుత్ర’ అని పిలిచింది ఆ తిరుగుళ్లలోనే. 1972లో పద్మశ్రీ కూడా వచ్చింది. అయినా ఆయన పేరెత్తగానే జనం నోటికి వచ్చేది ఊరి మధ్య గుళ్లో, చూసిన గోడనే మళ్లీ చూస్తూ చేసిన కావ్యం.

ప్రదక్షిణా ప్రయాణమే. దారి పొడవునా చూసేది ఒక్కటే, అంతే. ఏఐ పనిముట్లలో దీనికి దగ్గరిది ఒకటుంది గానీ ఎక్కువమంది వాడరు. ప్రతి బొమ్మా ‘సీడ్’ అనే ఒక సంఖ్య నుంచి మొదలవుతుంది. ఆ సంఖ్యను కదపకుండా ఉంచి అదే ప్రాంప్టు ఇస్తే అదే బొమ్మ మళ్లీ వస్తుంది. అలా ఒక్క బొమ్మను కట్టేసుకుని, ఈ పూట వెలుతురు, రేపు చీర మడత, ఎల్లుండి వెనక గోడ అంటూ దాని చుట్టూ తిరగవచ్చు. అలసిన మనిషికి ఇది కొత్త బొమ్మలకన్నా మేలు చేస్తుంది. కానీ క్లయింట్లు దీనికి ఒప్పుకోరు. వాళ్లకు నాలుగు కావాలి.

ప్రొద్దుటూరు దాటి ఎర్రగుంట్ల వైపు పోతే కలమళ్ల వస్తుంది. ఇక్కడి చెన్నకేశవాలయ ప్రాంగణంలో దొరికిన శాసనాన్నే పూర్తిగా తెలుగులో ఉన్న శాసనాల్లో మొట్టమొదటిదిగా లెక్కిస్తారు. సుమారు క్రీ.శ. 575 నాటిది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించింది. విరిగిన రాతిస్తంభం మీద కొన్ని పంక్తులు చెరిగిపోయి, మిగిలినవి మిగిలాయి. అక్షరం చెక్కించేవాడు ముందు రాయి ఎంతుందో చూసుకోవాలి. చోటు అయిపోతే మాటలూ అయిపోతాయి. రద్దు చేసే మీట లేదు. ఉలి జారితే ఆ జారుడు కూడా వెయ్యేళ్లు ఉంటుంది.

విచిత్రం ఏమిటంటే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం కూడా ఈ కలమళ్ల దగ్గరే ఉంది. 1,650 మెగావాట్ల సామర్థ్యం. పూర్తి తెలుగు శాసనం తొలిసారి నిలబడిన చోటే బొగ్గు కాలి కరెంటు పుడుతోంది. 2023లో హగ్గింగ్ ఫేస్, కార్నెగీ మెలన్ పరిశోధకులు కొలిచి చూస్తే, బాగా ఎక్కువ కరెంటు తాగే మోడల్‌తో ఒక్క బొమ్మ చేయడానికి ఫోన్‌ను నిండా ఛార్జి చేసినంత పడుతుందని తేలింది. అన్ని మోడళ్లూ అంత తాగవు, నిజమే. అయినా ఖర్చు లేదనుకున్న బొమ్మకు ఖర్చు ఉంది. దాన్ని వేసేవాళ్లకు అది కనిపించదు, అంతే. చేసినవాడి కంటపడని ఖర్చు చేతిని ఆపదు. కలమళ్ల శిల్పికి కనిపించేది. అందుకే అతను ఆగాడు.

జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్నా పారే లోయ, అంచున పెమ్మసాని నాయకుల కోట, లోపల మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం. పర్యాటకశాఖ ప్రకటనల నుంచి యూట్యూబ్ దాకా దీన్ని ‘ఇండియా గ్రాండ్ కాన్యన్’ అంటున్నారు. పెన్నా ఏం పాపం చేసిందని కొలరాడో నది పేరుతో అమ్ముకోవాలో తెలియదు. యంత్రానికి ఈ పేరు బాగా ఎక్కింది. ‘కొండల మధ్య ఎర్రటి లోయ, కింద నది’ అని రాస్తే వచ్చేది చాలావరకు అరిజోనాయే. పొరలు పొరలుగా నారింజ రంగు, పైన సినిమా ఆకాశం. గండికోట బండల దీర్ఘచతురస్రపు పగుళ్లు, ఒకదాని మీద ఒకటి పేర్చి వదిలేసినట్టుండే ఆ మొండి అంచులు రావు.

కారణం అంకెల్లో ఉంది. స్టేబుల్ డిఫ్యూజన్‌ను తయారుచేయడానికి పునాది అయిన లయాన్ సంచయంలో 585 కోట్ల బొమ్మలు, వాటి పక్కన మాటలు ఉన్నాయి. వాటిలో దాదాపు 230 కోట్లకు పక్కనున్నవి ఇంగ్లీషు మాటలే. మిగిలినవాటిలో ఎక్కువ భాగాన్ని వందకు పైగా భాషలు పంచుకున్నాయి. ఆ పంపకంలో జమ్మలమడుగు వాటా ఎంతో ఊహించుకోవచ్చు. చిరాకుపడి ‘ఇంకా నిజంగా, ఇంకా రాయలసీమలా’ అని రాసేకొద్దీ యంత్రం ఇంకా ఎర్రమట్టి, ఇంకా తలపాగా, ఇంకా కోరమీసం పోసి పెడుతుంది. కళాకారిణి అలసటలో ఇదొక పాయ. తనకు తెలిసిన చోటును ఏమీ తెలియనివాడికి పదేపదే చెప్పాల్సిరావడం, ఆ చెప్పడంలో తనకు తెలిసినదే నెమ్మదిగా వాడి వెర్షనులోకి జారిపోవడం.

గండికోటకు 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ వచ్చాడు. కోట అప్పటికి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో ఉంది. తను నవాబు అని పిలిచిన మీర్ జుమ్లాను టావెర్నియర్ భలే వర్ణించాడు. ఆయన వట్టి కాళ్లతో కూర్చుని, కాలివేళ్ల సందుల్లో ఉత్తరాలు ఇరికించుకుని, ఎడమచేతి వేళ్ల సందుల్లో మరికొన్ని పెట్టుకుని, ఒకసారి కాలి నుంచి ఒకటి, ఒకసారి చేతి నుంచి ఒకటి లాగుతూ, ఇద్దరు రాయసగాళ్లకు జవాబులు చెప్పి రాయిస్తున్నాడట. ఇరవై ట్యాబులు తెరుచుకుని కూర్చున్న మనిషిని మూడున్నర శతాబ్దాల ముందే చూపించిన బొమ్మ ఇది. మీర్ జుమ్లాకు అలసట వచ్చిందో లేదో టావెర్నియర్ రాయలేదు.

ఆయన రాసిన ఇంకో సంగతి ఇంతకంటే లోతైనది. మీర్ జుమ్లాకు ఫిరంగులు కావాలి. చుట్టుపక్కల గుళ్లలోని రాగి విగ్రహాలు పోగు చేయించి, క్లోడ్ మాయే అనే ఫ్రెంచివాడికి కరిగించమని అప్పజెప్పాడు. చాలావాటిని అతను కరిగించాడు. గండికోట గుడిలోవి ఆరు విగ్రహాలు మాత్రం ఎంత కాల్చినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని నవాబు వాళ్లను బెదిరించాడు కూడా. చివరికి ఆ మాయే ఒక్క ఫిరంగిని కూడా సరిగా పోయలేకపోయాడు, ఒకటి పగిలింది, ఒకటి సగంలో ఆగింది.

ఇది చదివాక ఏఐ మోడళ్ల తయారీ గుర్తురాకుండా ఉండదు. లక్షలమంది చేతుల్లో పుట్టిన బొమ్మలను అడగకుండా పోగు చేసి, కొలిమిలో వేసి, ఏ పోతకైనా పనికొచ్చే ఒకే లోహంగా మార్చారు. 2023 జనవరిలో అమెరికాలో కొందరు చిత్రకారులు స్టెబిలిటీ ఏఐ, మిడ్‌జర్నీ, డీవియంట్‌ఆర్ట్ సంస్థల మీద కోర్టుకెక్కింది ఈ కరిగింపు గురించే. ఏఐతో పనిచేసేవాళ్లు పైకి చెప్పుకోని అలసట ఒకటి ఇక్కడ ఉంది. తెర మీద అందమైన బొమ్మ తేలినప్పుడు ‘ఇది నాదేనా’ అనే ప్రశ్న సన్నగా గుచ్చుతుంది. దానికి జవాబు వెతక్కుండా తర్వాతి బొమ్మకు పోవడం తేలిక. అలా వందసార్లు దాటేసిన ప్రశ్న ఎక్కడికీ పోదు, వెన్నులో నొప్పిలా పేరుకుంటుంది. కళాకారిణి దాన్ని నిద్ర చాలకపోవడం అనుకుంటుంది. గండికోట గుళ్లో నిలబడి ఆ ఆరు విగ్రహాల కథ వింటే, కరగనివి కొన్ని ఉండటం మంచిదేననిపిస్తుంది. ఏవి కరిగించకూడదో తను ముందే ఒక గీత గీసుకోవచ్చు కూడా. బతికున్న చిత్రకారుల పేర్లు ప్రాంప్టులో రాయనని ఒట్టు పెట్టుకున్నవాళ్లు ఇప్పటికే ఉన్నారు. అలా గీత గీసుకున్నాక పని తగ్గుతుంది, నిద్ర పెరుగుతుంది.

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే దారిలో చింతకుంట దగ్గర ‘ఎద్దుల ఆవుల గుండు’ ఉంది. పేరు పెట్టిన పల్లెవాళ్లు కళావిమర్శకులు కారు, కానీ కనిపించిందే చెప్పారు. బండల నీడపట్టున ఎర్రరంగులో, తెలుపులో మూపురాల ఎడ్లు, జింకలు, విల్లు పట్టిన వేటగాళ్లు. దక్షిణాదిలో చెప్పుకోదగ్గ శిలాచిత్రాల్లో ఇవీ ఉన్నాయి. భారతీయ శిలాచిత్రాల మీద పనిచేసిన ఆస్ట్రియా పరిశోధకుడు ఎర్విన్ నాయ్‌మయర్ వల్ల పండితలోకానికి తెలిశాయి. ఎవరు వేశారో పేర్లు లేవు. ఎందుకు వేశారో చెప్పే మనిషి మిగల్లేదు. అయినా ఎద్దు ఎద్దే.

ఏఐ కళ తొలి అడుగుల్లో ఒకటి పడింది ఇలాంటి బండ ముందే. లండన్‌లో 1928లో పుట్టిన హెరాల్డ్ కోహెన్ పేరున్న చిత్రకారుడు, 1966 వెనిస్ బియనాలేలో బ్రిటన్ తరఫున పాల్గొన్నవాడు. రెండేళ్ల తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగోకు వెళ్లాడు. నలభై ఏళ్ల వయసులో, చేతిలో పేరూ గ్యాలరీలూ ఉండగా, కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. చిత్రకళ తనకు చెప్పడం మానేసిన సంగతి ఏదో అక్కడ దొరుకుతుందేమోనని ఆశ. 1973లో కాలిఫోర్నియా చాల్‌ఫంట్ లోయలో ఆదివాసులు రాళ్ల మీద చెక్కిన గీతలు చూశాడు. చెక్కినవాళ్లెవరో తెలియదు, ఆ గుర్తుల అర్థమూ తెలియదు. కానీ అవి ఎవరో కావాలని చేసిన బొమ్మలని మాత్రం చూడగానే తెలిసిపోయింది. అలా తెలియడానికి ఒక గీతకు కనీసంగా ఏముండాలి? ఆ ప్రశ్నలోంచే ‘ఆరన్’ అనే ప్రోగ్రాం పుట్టింది.

ఆరన్ ఎవరి బొమ్మలనూ కరిగించలేదు. దానికి చూపించిన బొమ్మ ఒక్కటీ లేదు. లోపల, బయట అన్న తేడా, మూసిన గీత, తెరిచిన గీత, తర్వాత ఆకు ఎలా కొమ్మకు అతుకుతుంది, చెయ్యి ఎలా భుజానికి అతుకుతుంది, ఇవన్నీ కోహెనే నియమాలుగా రాశాడు. నాలుగు దశాబ్దాలు రాస్తూనే పోయాడు. ఒక దశలో రంగులు వేసే పని కూడా ఆరన్‌కే నేర్పేశాడు. రాత్రి దాన్ని నడుస్తుండగా వదిలేసి పడుకుంటే తెల్లవారేసరికి బోలెడు బొమ్మలు తయారయ్యేవి. అవి బాగానే ఉండేవి. అక్కడే చిక్కొచ్చింది. తనకు చేయడానికి ఏమీ మిగల్లేదన్న వెలితి ఆ పెద్దాయన్ని పట్టుకుంది. చివరి ఏళ్లలో రంగుల పనిని యంత్రం చేతిలోంచి వెనక్కి తీసుకుని, ఆరన్ గీసిన గీతల మీద పెద్ద టచ్‌స్క్రీన్ పైన తన వేళ్లతోనే రంగులు పూశాడు. 2016లో, ఎనభై ఎనిమిదో ఏట పోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు.

ఈరోజు ఏఐతో కుస్తీపడుతున్న ఎవరికైనా కోహెన్ జీవితం చదవమని చెప్పాలనిపిస్తుంది, ప్రాంప్ట్ రాయడం నేర్పే వీడియోల కంటే ముందు. యంత్రం చేతకానితనం అతన్ని అలసటలో పడేయలేదు. దాని చేతనైనతనం పడేసింది. అతను యంత్రాన్ని తిట్టి వదిలేయలేదు, పని పంపకాన్ని మార్చుకున్నాడు. గీత నీది, రంగు నాది. తనకు ఆనందమిచ్చే పనిని అప్పజెప్పేసి, చిరాకుపెట్టే పనిని అంటే ఏరడం, సరిదిద్దడం, పంపడం లాంటివాటిని తన దగ్గరే ఉంచుకున్న ఏఐ కళాకారులు ఎంతమంది! పంపకం తలకిందులైంది, అదీ రోగం.

అసలు సగం అలసట డబ్బుది. బొమ్మ చేయడం తేలికయ్యేకొద్దీ బొమ్మ ధర పడిపోయింది. పడిన ధరకు పాత ఆదాయం రావాలంటే ఎక్కువ బొమ్మలు చేయాలి. ఎక్కువ చేస్తే ధర ఇంకా పడుతుంది. ఈ గానుగలో తిరిగే మనిషికి గండికోట సూర్యోదయం చూపించి ‘ఇప్పుడెలా ఉంది?’ అని అడగడం అన్యాయం. బొమ్మకింత అని కాకుండా పనికింత అని ధర చెప్పడం, ఎన్నిసార్లు మారుస్తామో ముందే రాసుకోవడం లాంటి పొడిపొడి లెక్కలు ధ్యానం కన్నా ఎక్కువ పనిచేస్తాయి. ఇది చింతనలో రాయాల్సిన సంగతి కాదని కొందరికి అనిపించవచ్చు. అద్దె కట్టాల్సిన చింత కూడా చింతనే.

పులివెందుల పేరు భూగర్భశాస్త్రంలో ఉందని ఆ ఊరివాళ్లలో ఎందరికి తెలుసో. కడప రాతిపొరల్లో ఒకదాని పేరు పులివెందుల క్వార్ట్‌జైట్, దాని కింది పొర పేరు వేంపల్లె, పైనుండే ఇంకో పొర పేరు గండికోట. ఈ రాళ్లలోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిల వయసే దాదాపు 190 కోట్ల ఏళ్లని తేల్చారు. వేంపల్లె పొరలో స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. కంటికి కనిపించని సూక్ష్మజీవులు లోతు తక్కువ సముద్రంలో పొర మీద పొర పేర్చుకుంటూ కట్టిన గుండ్రటి వలయాలవి. తుమ్మలపల్లె యురేనియం దొరికేదీ ఈ వేంపల్లె రాతిలోనే. స్ట్రోమటోలైట్ల ముందు నిలబడితే ‘కంటెంట్ క్యాలెండర్’ అనే మాటకు నవ్వొస్తుంది. అంతకుమించి దాని మీద తత్వం చెప్పబోతే అతి అవుతుంది.

వేంపల్లె దగ్గర పాపాఘ్ని నది శేషాచలం కొండలను చీల్చుకుని బయటపడే చోటు గండి. అక్కడ వీరాంజనేయస్వామి ఆలయం ఉంది. మద్రాసు గవర్నరుగా పనిచేసిన సర్ థామస్ మన్రో ఈ గండికి వచ్చినప్పుడు రెండు కొండల మధ్య వేలాడే బంగారు తోరణం చూశాడని, పక్కనున్నవాళ్లకు అది కనపడలేదని జనం చెప్పుకునే కథ జిల్లా గెజిటీరులోకి కూడా ఎక్కింది. 1827లో మన్రో పత్తికొండలో కలరాతో పోయాడు. తోరణం కనిపించినవాళ్లు ఎక్కువకాలం బతకరని నమ్మకం. పంచుకోవడానికి వీల్లేని దృశ్యం ఒకటి ఉంటుందన్న ఊహే ఇప్పటి కళాకారులకు వింతగా తోస్తుంది.

ఆ గుడి స్థలపురాణం మరీ గొప్పది. రాముడు లంక నుంచి తిరిగివస్తూ ఇక్కడ ఆగి, బాణం మొనతో రాతి మీద ఆంజనేయుడి రూపం గీశాడట. అంతా అయింది, ఎడమచేతి చిటికెన వేలు మిగిలింది. అయోధ్యకు వేళ మించిపోతోందని లక్ష్మణుడు తొందరపెట్టాడు. రాముడు వేలు గీయకుండానే లేచి వెళ్లిపోయాడు. చాలాకాలానికి మాధ్వ యతి వ్యాసరాయలవారు వచ్చి ఆ గీతల వెంబడి ఉలితో విగ్రహం చెక్కారు. లోపం దిద్దుదామని చిటికెన వేలు చెక్కబోతే రాతిలోంచి నెత్తురు వచ్చిందట. ఆయన ఉలి పక్కన పెట్టేశారు.

ఇంతకంటే స్పష్టంగా ‘ఇక చాలు’ అని చెప్పిన రాయి ఇంకోటి లేదు. పూర్తికానిదాన్ని పూర్తిచేయగల నేర్పు వ్యాసరాయలవారికి ఉంది, ఓపికా ఉంది. లేనిది రాతి ఒప్పుదల. వేళ్లంటే గుర్తొచ్చింది, 2022లో ఏఐ బొమ్మలను పట్టించింది కూడా వేళ్లే. ముఖం మెరిసిపోయేది, చేతికి ఆరో ఏడో వేళ్లు మొలిచేవి. అరచేతిలోంచి ఇంకో అరచెయ్యి వచ్చేది. లోకమంతా నవ్వింది. కంపెనీలు ఏడాది తిరిగేసరికి ఆ లోపాన్ని చాలావరకు దిద్దేశాయి. ఎంత దిద్దినా ఒక్క చుక్క నెత్తురు రాలేదు.

శ్రావణమాసం శనివారాల్లో గండికి జనం పోటెత్తుతారు. దారి పొడవునా స్వాగతం ఫ్లెక్సీలు లేస్తాయి. ఫ్లెక్సీల మీది దేవుళ్లలో చాలామంది ఇప్పుడు ఏఐలో పుట్టినవాళ్లే. మన కళాకారిణికి అలాంటి ఫ్లెక్సీ పని ఒకటి వచ్చిందనుకుందాం. ఆమె గండి హనుమంతుణ్ణి అడిగితే యంత్రం పది వేళ్లూ పొందిగ్గా వేసి ఇస్తుంది. గుడి సంగతి తెలిసిన ఏ భక్తుడైనా అది ఈ స్వామి కాదంటాడు. ‘ఎడమచేతికి చిటికెన వేలు వద్దు’ అని రాసి చూస్తుంది. అది నేర్చుకున్న కోట్ల చేతుల్లో దాదాపు అన్నింటికీ చిటికెన వేళ్లున్నాయి, పైగా ‘వద్దు’ అన్న మాట ఇలాంటి మోడళ్ల చెవికి చాలాసార్లు సరిగా ఎక్కదు. ఇంకా పెద్ద చిటికెన వేలు వేసి ఇస్తుంది. ఒకప్పుడు ఆరో వేలు తీయించడానికి తిప్పలు పడ్డ మనిషి ఇప్పుడు ఐదో వేలు తీయించడానికి పడుతుంది. చివరికి బొమ్మను ఫోటోషాప్‌లోకి తెచ్చుకుని, ఆ వేలిని తన చేత్తో చెరిపి, అక్కడ రాతి రంగు నింపాల్సిందే. పావుగంట పని. ఆ పావుగంటకు బిల్లులో వేరే పద్దు రాయాలా వద్దా అన్నది ఆమే తేల్చుకుంటుంది.